ఎవరెస్ట్ బేస్ క్యాంపా, గోక్యో సరస్సులా: ఏ దారి మేలు?

నేపాల్‌లోని సాగర్‌మాథా నేషనల్ పార్క్‌లో నడవాలనుకునేవాళ్లలో చాలామంది ఇంకేమీ ఆలోచించకుండా బేస్ క్యాంప్‌కే బయల్దేరతారు. ఆ పేరుకున్న ఆకర్షణ అలాంటిది. మీరు వెళ్లేది పూటపూటకీ మారే అడవినీ కొండల్నీ నీళ్లనీ చూడటానికే అయితే మాత్రం, నా ఓటు గోక్యోకే.

నామ్చే బజార్ దాటేదాకా దారి ఒకటే. లుక్లాలో విమానం దిగి, దూధ్‌కోశి నది మీది వేలాడే వంతెనలు దాటుకుంటూ పైన్ చెట్ల మధ్య నుంచి 3,440 మీటర్ల ఎత్తులోని నామ్చేకి ఎక్కుతారు. ఎటు వెళ్లినా, శరీరం ఎత్తుకి అలవాటుపడటానికి అక్కడ రెండు రాత్రులు ఆగాల్సిందే.

బేస్ క్యాంప్ వైపు మొదటి సగం చాలా బాగుంటుంది. తెంగ్‌బోచేలోని గొంపా, అంటే బౌద్ధ మఠం, ముందు నిలబడితే అమా దబ్లం శిఖరం నిండుగా కనిపిస్తుంది. దింగ్‌బోచేలో రాతిగోడల మధ్య బార్లీ, బంగాళాదుంప చేలుంటాయి. తుక్లా పైన ఎవరెస్ట్ మీద ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల స్మారకాలున్నాయి, అక్కడ కాసేపు ఆగకుండా ముందుకు వెళ్లలేం. ఆ తర్వాత లోబుచే, గోరక్‌షెప్ మీదుగా ఎటు చూసినా గ్లేసియర్ తోసుకొచ్చిన బూడిదరంగు రాళ్లే. ఇంతా చేసి 5,364 మీటర్ల బేస్ క్యాంప్‌కి చేరితే అక్కణ్ణుంచి ఎవరెస్ట్ శిఖరం కనబడదు. దానికోసం పక్కనున్న కాలాపత్థర్ ఎక్కాలి.

గోక్యో దారి మోంగ్‌లా దాకా ఎక్కి, ఫోర్ట్‌సే తెంగా దగ్గర మళ్లీ నది ఒడ్డుకి దిగుతుంది. అక్కణ్ణుంచి దోలే వరకు రోడోడెండ్రాన్, భూర్జ చెట్ల అడవి. మన పాత రాతప్రతుల్లోని భూర్జపత్రం ఈ చెట్టు బెరడే. కాండం మీద పల్చటి పొరలు వాటంతటవే లేచి గాలికి రెపరెపలాడుతుంటాయి, వెలుతురు వెనకనుంచి పడితే లేత గులాబీ గోధుమ రంగులో మెరుస్తాయి. దోలే దాటాక చెట్లు పొట్టివై జునిపర్ పొదలుగా మిగులుతాయి. మచ్చెర్మో చేరేసరికి గడ్డి, యాక్‌ల మేత, రాతి దొడ్లు. ఆ పైన ఒకదాని తర్వాత ఒకటిగా సరస్సులు. గ్లేసియర్ అరగదీసిన సన్నటి రాతిపొడి నీళ్లలో తేలుతుంటుంది కాబట్టే వాటికా నీలి ఆకుపచ్చ రంగు. కావ్యాల్లో చదువుకున్న చక్రవాకాలు ఈ నీళ్లమీద నిజంగానే కనిపిస్తాయి. మనం జంధ్యాల పౌర్ణమి జరుపుకునే రోజునే యాత్రికులు ఇక్కడికొచ్చి స్నానాలు చేస్తారు. ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు 2007లో ఈ సరస్సులకి వచ్చింది. సరస్సు ఒడ్డునున్న గోక్యో ఊరి వెనక గట్టెక్కితే నేపాల్‌లోకెల్లా పొడవైన న్గోజుంపా గ్లేసియర్ కాళ్లకింద పరుచుకుని ఉంటుంది. 5,357 మీటర్ల గోక్యో రీ కొండ ఎక్కితే ఎవరెస్ట్, ల్హోత్సే, మకాలు, చో ఓయు నాలుగూ ఒక్కచోటనుంచే చూడొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం బేస్ క్యాంప్ దారే నయం, అది చిన్న విషయమూ కాదు. ఆ వైపు ఎత్తు కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. తెంగ్‌బోచే, దింగ్‌బోచేల్లో ఆగుతూ వెళ్తే శరీరం అలవాటుపడుతుంది. ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ సీజన్‌లో క్లినిక్ నడుపుతుంది. గోక్యో వైపు ఊళ్లు దగ్గరదగ్గరగా ఉండటంతో, నడక తేలిగ్గా ఉందని నామ్చే నుంచి రెండు రోజుల్లో 4,470 మీటర్ల మచ్చెర్మోకి వెళ్లిపోతుంటారు. అది ప్రమాదం. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు. అందుకని ఫోర్ట్‌సే తెంగాలో ఒక రాత్రి, దోలేలో ఒకటి, మచ్చెర్మోలో రెండు ఉండండి. తలనొప్పితో పాటు వికారం, తూలుడు మొదలైతే ఇంకేం ఆలోచించకుండా కిందికి దిగిపోవాలి. సెలవులు తక్కువగా ఉండి ఈ రాత్రుల్లో ఏదో ఒకటి ఎగ్గొట్టక తప్పదనుకుంటే గోక్యోకి ఈసారి వెళ్లొద్దు.

రెండూ కలిపి చూద్దామంటే మధ్యలో 5,420 మీటర్ల చో లా కనుమ దాటాలి. మంచు మీద నడిచిన అనుభవం, నమ్మకమైన గైడ్ లేకుండా ఆ టెన్షన్ పెట్టుకోవద్దు.

బేస్ క్యాంప్ నుంచి మామూలుగా వెళ్లిన దారినే తిరిగి రావాలి. గోక్యో నుంచైతే నదికి తూర్పు గట్టున ‘నా’ అనే ఊరు, ఫోర్ట్‌సే మీదుగా దిగొచ్చు. ఆ వైపు ఎండ బాగా పడే గడ్డివాలులు, ఫోర్ట్‌సే దగ్గర కొండమేకలు, దాంఫే అనే రంగురంగుల అడవికోడి జాతి పిట్టలు ఉంటాయి. లాడ్జిలు తక్కువ, మంచు పడితే దారి జారుతుంది. వాతావరణం బాగుంటేనే, అదీ తెల్లవారగానే బయల్దేరండి.