మూడంతస్తుల పళ్లెం, కొర్రల పొట్లం: కర్నూలులో ఒక టీ గది

కర్నూలు సి క్యాంపు ప్రాంతంలో, ఒక మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో, కొన్ని నెలల కిందట ఒక టీ గది తెరిచారు. మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి ఏడు వరకు తీరిగ్గా కూర్చొని తాగే టీ, మెట్ల పక్కనున్న చిన్న అరలో ఇంటికి కొనుక్కుపోయే చిరుధాన్యాల పొట్లాలు, ఈ రెండే వారి వ్యాపారం. పొద్దున పూట తలుపులు తీయరు. "టిఫిన్ ఇంట్లో తినండి, టీకి మా దగ్గరికి రండి" అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. సందుకొక టిఫిన్ బండి ఉన్న ఊళ్లో అలా రాసుకోవడానికి కొంత ధైర్యం కావాలి. ఆ మాటను మన్నించి చూద్దామని మూడు వారాల్లో నాలుగు సార్లు, రెండు సార్లు మా వదినతోనూ రెండు సార్లు ఒంటరిగానూ అక్కడ టీ తాగాను. పొట్లాల్లో నాలుగు రకాలు కొని ఇంట్లో వండుకున్నాను. మన వంటలను ముట్టుకున్న చోట వీరి చేయి బాగా తిరిగింది, పరాయి పద్ధతిని అనుసరించిన చోట తడబడింది. పొట్లాల్లో రెండు మళ్లీ కొంటాను, రెండు కొనను.

పేరు దగ్గరే నాకొక చిన్న అభ్యంతరం ఉంది. ఇద్దరికి 480 రూపాయలయ్యే ఈ ఏర్పాటును వారి పట్టికలో "హై టీ" అని రాశారు. ఇంగ్లండులో హై టీ అంటే పని ముగించుకొని ఇల్లు చేరిన కార్మికులు సాయంత్రం భోజనాల బల్ల ముందు కూర్చొని మాంసం, రొట్టెలతో కడుపు నింపుకునే పూట. మూడంతస్తుల పళ్లెంలో చిన్న చిన్న తినుబండారాలు పేర్చి ఇచ్చేది ఆఫ్టర్‌నూన్ టీ. దీని పుట్టుకను 1840ల నాటి బెడ్‌ఫర్డ్ డచెస్ ఆన్నాకు ఆపాదిస్తారు. మధ్యాహ్నపు తేలికపాటి తిండికీ బాగా పొద్దుపోయాక జరిగే విందుకూ నడుమ ఆకలికి తాళలేక ఆమె టీ, రొట్టె, వెన్న తన గదికి తెప్పించుకునేదని చెబుతారు. పెద్ద హోటళ్లు ఈ రెండు పేర్లనూ కలిపేశాయి, ఆ కలగాపులగమే మన ఊరి దాకా వచ్చింది. పేరు ఏదైనా ఆ ఆకలి మాత్రం మనకు కొత్త కాదు. ఒంటి గంటకు అన్నం తిని రాత్రి తొమ్మిదికి మళ్లీ కంచం ముందు కూర్చునే మన ఇళ్లలో నాలుగు గంటల వేళ గుప్పెడు బొరుగులు గాని వేయించిన బుడ్డలు (వేరుశెనగ గింజలు) గాని చేతికి అందడం ఎప్పటి నుంచో ఉన్నదే.

పళ్లెంలో అన్నిటికన్నా కింది అంతస్తు ఉగ్గానిది, ఈ టీ గదికి మళ్లీ వెళ్లాలనిపించే కారణం కూడా అదే. ఉగ్గాని మన దగ్గర పొద్దుటి పూట బండి మీద తినే టిఫిన్. దానిని సాయంత్రపు టీ పక్కన పెట్టడం తొలుత నాకు వింతగా తోచింది. తిన్న తరువాత ఆ అనుమానం పోయింది. ఉగ్గాని చూడటానికి ఎంత సులువో చెడగొట్టడానికి అంత సులువు. బొరుగులను నీళ్లలో వేసి ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే ముద్దవుతాయి, తక్కువ ఉంచితే లోపల కరకరమంటాయి. పిండేటప్పుడు చేతి బలం ఎక్కువైతే విరిగిపోతాయి. ఇక్కడ బొరుగు బొరుగుగా విడివిడిగా ఉంది, మెత్తగానూ ఉంది. ఉల్లిపాయ మాడకుండా మగ్గింది, పచ్చిమిరప ఘాటు నాలుకకు తెలిసింది, చివర చల్లిన పుట్నాల పొడి తడిని పీల్చుకొని కమ్మదనం ఇచ్చింది. కొబ్బరి తురుము వేసి నిమ్మకాయ పిండారు. పక్కన పెట్టిన మిరపకాయ బజ్జీలు మాత్రం వేలెడంత చిన్నవి. పళ్లెం అందానికి తగ్గట్టు మిరపకాయలను సగానికి కోసి వేయిస్తున్నారట. బజ్జీ కొరికినప్పుడు తొడిమ దాకా చేరే ఆ ఆఖరి మంట లేకపోతే ఉగ్గానికి జోడు కుదరదని మా వదిన అభిప్రాయం, నాదీ అదే. అడిగితే నిండు బజ్జీ విడిగా ఇస్తారు, ఒక్కోటి 12 రూపాయలు.

రెండో అంతస్తులో రెండు స్కోన్లు, చిన్న గిన్నెలో క్రీము, మరో గిన్నెలో మామిడి జామ్ ఉంటాయి. స్కోన్ అంటే మైదా, వెన్న, పాలు కలిపి, ఎక్కువ పిసకకుండా కాల్చిన చిన్న రొట్టె. పొయ్యి మీది నుంచి దిగిన గంటలోపే దాని మెత్తదనమంతా. ఇక్కడివి పొద్దుటి కాల్పు అనిపించింది. వెచ్చబెట్టి ఇచ్చినా నడిమి భాగం పొడిపొడిగా రాలింది. జామ్ మాత్రం నిజమైన బనగానపల్లె మామిడితో కాచినది, చక్కెర తక్కువ, పీచు లేదు. భౌగోళిక గుర్తింపు చట్టం కింద మన దేశంలో తొలిసారి నమోదైన సరుకు డార్జిలింగ్ టీ. బనగానపల్లె మామిడికి ఆ గుర్తింపు 2017లో వచ్చింది. నేను తెప్పించుకున్న టీ డార్జిలింగ్‌దే కనుక ఆ రెండూ ఒకే బల్ల మీద ఎదురెదురుగా ఉండటం నాకు ముచ్చటగా తోచింది. ఆ జామ్‌ను స్కోన్‌కు కాకుండా పై అంతస్తులోని ఉస్మానియా బిస్కెట్టుకు రాసుకొని తింటే ఇంకా బాగుంది. పై అంతస్తులో బిస్కెట్టు పక్కన అరచేతి కన్నా చిన్న ఓళిగ (బొబ్బట్టు) ఒకటి ఉంటుంది. నెయ్యి బాగానే వేశారు, అంతకు మించి చెప్పవలసింది లేదు.

ఇక టీ. పట్టికలో ఆరు రకాలున్నా నేను రెండే తాగాను. డార్జిలింగ్ ఆకు టీని పింగాణీ కూజాలో తెచ్చారు, పక్కన పాల గిన్నె, చక్కెర కూడా పెట్టారు. మొదటి కప్పు పాలు కలపకుండా తాగితే పూల వాసనలాంటి ఒక పరిమళం, గొంతులో కొద్దిపాటి వగరు తెలిశాయి. రెండో కప్పు నాటికి అదే టీ కషాయమైంది, ఎందుకంటే ఆకును కూజాలోనే వదిలేశారు. ఈ రకం ఆకు మూడు నాలుగు నిమిషాలు నానితే చాలు, తరువాత వడకట్టి తీసేయాలి. లేదా రెండో ఖాళీ కూజా ఇవ్వాలి. ఈ మాట చెబితే వడ్డించే అబ్బాయి వినయంగా విని, "ఎవరూ అడగలేదు మేడం" అన్నాడు. మూడోసారి వెళ్లినప్పుడు జాలి గిన్నె ఒకటి వచ్చింది, అది మెచ్చుకోదగిన విషయం.

రెండోది దమ్ టీ, ధర 30 రూపాయలు. మూడంతస్తుల పళ్లెం అక్కరలేని వారు దీన్ని విడిగా తాగవచ్చు. ఆకును నలిపి, చింపి, గుండ్లుగా చుట్టి చేసే సీటీసీ పొడినే వాడుతున్నారు. తక్కువ సేపట్లో చిక్కటి రంగునూ గట్టి రుచినీ దింపే గుణం దానిదే, పాలతో కలిసినా దాని రుచి అణగిపోదు. డికాషన్‌ను మూత బిగించిన గిన్నెలో సన్నని మంట మీద ఉంచుతారు, పాలను వేరే పొయ్యి మీద చిక్కబడే దాకా కాస్తారు, కప్పులోనే రెండింటినీ కలుపుతారు. పాలలోని మాంసకృత్తు టీలోని వగరును పట్టుకుంటుంది కనుకనే అంత గట్టి డికాషన్ కూడా నాలుకకు మెత్తగా తగులుతుంది. పాత బస్తీలో కొండారెడ్డి బురుజు వైపు సందుల్లో సగం ధరకే ఇంతకు తీసిపోని టీ దొరుకుతుందని ఒప్పుకోవాలి. అయితే అక్కడ నిలబడి తాగాలి, ఇక్కడ గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. మా వదిన వంటి మోకాళ్ల నొప్పుల మనిషికి ఆ తేడాయే పదిహేను రూపాయల విలువ చేస్తుంది.

గోడ మీది మాటను నేను మొదట వ్యాపార చమత్కారం అనుకున్నాను గాని అందులో ఆరోగ్య సూత్రం ఒకటి ఉంది. టీలోని పాలీఫినాల్ పదార్థాలు ధాన్యాల్లో, పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుముతో కలిసి దానిని ఒంటికి పట్టనివ్వవు. తిండికీ టీకీ మధ్య కనీసం ఒక గంట ఎడం ఉంటే ఆ నష్టం చాలావరకు తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల లోపు మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అటువంటప్పుడు పొద్దున్నే దోసెతో పాటు టీ గ్లాసు పట్టుకునే మన అలవాటు గురించి ఆలోచించవలసిందే. నేను ఈ మూడు వారాలూ పొద్దుటి టీ మానేసి, టిఫిన్‌లోకి నిమ్మకాయ పిండుకొని, టీని నాలుగు గంటలకు జరిపాను. మొదటి నాలుగు రోజులు తలనొప్పి వచ్చింది, తరువాత అలవాటైంది.

పొట్లాల్లో అన్నిటికన్నా మంచిది కొర్ర రవ్వ, అర కిలో 90 రూపాయలు. కొర్రలకు పైపొట్టు తీయక తప్పదు. దాని కింద ఉండే తవుడు పొరను కూడా పాలిష్ పట్టి తీసేస్తే పీచు చాలావరకు పోతుంది. ఈ రవ్వ తెల్లగా మెరవకుండా లేత పసుపు రంగులో ఉంది, చేతిలో రుద్దితే కొద్దిగా పిండి అంటింది. తవుడు మిగిలే ఉందనడానికి అవి గుర్తులు. పొట్లం మీద గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లని రాశారు గాని ఆ కొలతతో ఉప్మా గొంతుకు అడ్డం పడింది. రెండున్నర గ్లాసులు పోసి, దించాక పది నిమిషాలు మూత పెట్టి ఉంచితే పలుకు పలుకుగా వచ్చింది. క్యారెట్టు, చిక్కుడు గింజలు, గుప్పెడు బుడ్డలు వేసుకుంటే పదకొండు గంటల ఆకలి దగ్గరికి రాలేదు. మా అమ్మ మాత్రం పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కొర్రలు తినేదానికి గూడా కాగితం చదవాల్నా?" అని నవ్వింది. ఆమె చిన్నతనంలో వరి అన్నం పండగకే. మామూలు రోజుల్లో కొర్రన్నం, జొన్న రొట్టె. నంద్యాల పరిశోధన స్థానం నుంచి వచ్చిన సూర్యనంది వంటి కొర్ర రకాలు చుట్టుపక్కల పండుతున్నప్పుడు అవే గింజలు అందమైన కాగితం పొట్లంలో రెట్టింపు ధరకు రావడం ఆమెకు అర్థం కాని విషయం. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మట్టిగడ్డలు ఏరే పని తప్పింది అన్నది ఒక్కటే నా సమర్థన.

రాగి మాల్ట్ కూడా నమ్మకంగా కొనవచ్చు. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పట్టిన పిండి అది. బెల్లం కలపలేదు, ఏలకులు మాత్రమే వేశారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మజ్జిగ పోసుకొని ఉప్పుతో తాగడం నాకు ఇష్టం, పిల్లలు పాలతో అడుగుతారు.

మిగిలిన రెండు పొట్లాల మీద నా ఫిర్యాదు గట్టిదే. "బహుధాన్య దోసె పిండి" పొట్లం ముందు వైపు కొర్రలు, సామలు, అండుకొర్రలు, జొన్నల బొమ్మలు వేశారు. వెనుక వైపు చిన్న అక్షరాల్లో దినుసుల వరుస చూస్తే మొదట బియ్యప్పిండి, తరువాత మినప్పిండి, ఆ తరువాత చిరుధాన్యాలు ఉన్నాయి. దినుసులను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు ఆ వరుసలోనే రాయాలన్నది మన ఆహార నిబంధన. కాబట్టి అది ప్రధానంగా బియ్యపు దోసె పిండే. దోసె బాగానే వచ్చింది, రావడంలో ఆశ్చర్యమూ లేదు. అర కిలోకు 140 రూపాయలు పెట్టి కొన్నది చిరుధాన్యాల కోసం కనుక దీనిని నేను మోసం అనకపోయినా ముందు వైపు బొమ్మలు మార్చమని రాసి ఇచ్చి వచ్చాను.

సజ్జ పిండి కథ వేరు. సజ్జల్లో కొవ్వు ఎక్కువ, పిండి పట్టిన మరుక్షణం నుంచి అందులోని ఎంజైములు ఆ కొవ్వును విరగ్గొట్టడం మొదలుపెడతాయి, అందుకే సజ్జ పిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది. మన ఇళ్లలో వారానికి సరిపడా మాత్రమే పట్టించుకునే అలవాటు అందుకే ఏర్పడింది. నేను కొన్న పొట్లం మీద పట్టిన తేదీ రెండు నెలల నాటిది, ఆరు నెలలు వాడుకోవచ్చని ముద్ర ఉంది. రొట్టె తట్టుతున్నప్పుడే పాత నూనె వాసన వచ్చింది, తింటే నాలుక చివర చేదు నిలిచింది. తీసుకుపోయి చూపిస్తే వాదించకుండా డబ్బులు తిరిగి ఇచ్చారు. అరలో మిగిలిన పొట్లాలను మాత్రం అక్కడే ఉంచారు, అది నాకు నచ్చలేదు. సజ్జలు గింజలుగా కొని మర పట్టించుకోవడమే మేలు.

వెళ్లదలచిన వారికి ఒకటి రెండు మాటలు. మెట్లు ఇరుకు, పక్కన పట్టుకోవడానికి కడ్డీ లేదు, పెద్దవారిని తీసుకుపోయేవారు గమనించాలి. బల్లలు ఏడే ఉన్నాయి. పడమటి కిటికీ పక్కన ఏప్రిల్, మే నెలల్లో కూర్చోవడం మన కర్నూలు ఎండకు కష్టం కనుక లోపలి మూల అడగండి. సెలవు రోజుల్లో ఐదు దాటితే మెట్ల మీద అరగంట నిలబడవలసి వస్తుంది, ఉగ్గాని కూడా అప్పటికి అయిపోయి దాని బదులు బ్రెడ్డు ముక్కలు వస్తాయి. పనిదినాల్లో నాలుగింటికి వెళ్లి, పళ్లెం కాకుండా ఉగ్గాని, నిండు బజ్జీలు, దమ్ టీ విడివిడిగా చెప్పుకుంటే ఇద్దరికి రెండు వందల లోపే అవుతుంది; మేము నాలుగోసారి చేసింది అదే.