చేతికి కట్టుకునే కెమెరా సపోర్ట్ కొనేముందు ఒక్కసారి ఇది చదవండి

పెళ్లిళ్లు తీసేవాళ్లు, యూట్యూబ్‌కి షూట్ చేసుకునేవాళ్లు, ముఖ్యంగా అప్పోసప్పో చేసి కొత్తగా కెమెరా కొనుక్కుని, ఇక గింబల్‌కి (మోటార్లతో కుదుపు ఆపే కెమెరా స్టాండుకి) డబ్బుల్లేక చవగ్గా ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతున్న తమ్ముళ్లు, మీకోసమే రాస్తున్నా. ముంజేతికి బెల్టుతో కట్టుకుని, పిడికిలితో హ్యాండిల్ పట్టుకుని, పైన కెమెరా బిగించుకునే సపోర్ట్ ఒకటి ఆన్‌లైన్‌లో బాగా తిరుగుతోంది. "చెయ్యి వణకదు, 3 కేజీల దాకా మోస్తుంది, ఏవియేషన్ గ్రేడ్ అల్యూమినియం" అని పెట్టి 1,850 రూపాయలకి అమ్ముతున్నారు. నేను కొన్నా. పాలకొల్లులో ఒక పెళ్లిలో సరిగ్గా తలంబ్రాలప్పుడు అది విరిగి కెమెరా కింద పడింది. పడినచోటికి జానెడు దూరంలో ఐదారేళ్ల పాప నిలబడి ఉంది. కెమెరా పోతే పోయింది, అది ఆ పాప తల మీద పడుంటే ఏంటి పరిస్థితి అని తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుద్ది, అందుకే పని పక్కన పెట్టి కూర్చుని ఇదంతా రాస్తున్నా.

ఎందుకు కొన్నానో ముందు చెప్తా. మాది భీమవరం పక్క, పదకొండేళ్ల నుంచి పెళ్లిళ్లు తీస్తున్నా. మండపం మీద చోటు ఎంతుంటుందో మీకు తెలిసిందే, పంతులుగారు, రెండువైపులా అమ్మానాన్నలు, మేనమామలు, తోడపెళ్లికూతురు, ఇంకో ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, ఇంతమంది మధ్య ట్రైపాడ్ కాళ్లు చాపితే ఎవరో ఒకరు తట్టుకుని పడతారు. గింబల్ ఉంది గానీ లెన్స్ మార్చిన ప్రతిసారీ మళ్లీ బ్యాలెన్స్ చేసుకోవాలి, జీలకర్ర బెల్లం దగ్గర మనకోసం ముహూర్తం ఆగదు కదా. అందుకని దగ్గర షాట్లన్నీ చేత్తోనే తీస్తా. రెండు గంటలు దాటాక మణికట్టు లాగేసుద్ది, మనకి తెలీకుండానే ఫ్రేమ్ ఒక పక్కకి ఒరిగిపోద్ది. ఈ సపోర్ట్ వీడియో చూడగానే ఇదేదో మనకోసమే చేశారు అనిపించింది. నా దగ్గరున్నది సోనీ ఏ7 త్రీ, బాడీ 650 గ్రాములు, ట్యామ్రాన్ 28-75 లెన్స్ 550 గ్రాములు, మైక్ కూడా కలుపుకున్నా 1.3 కేజీ లోపే. 3 కేజీలు మోస్తుందన్నదాంట్లో సగం కూడా లేదు, ఇంకేం భయం అనుకున్నా.

ఇక్కడే అందరం మోసపోయేది. ఆ 3 కేజీలు అనే అంకె ఎలా కొలిచారో ఎక్కడా చెప్పరు. నిటారుగా నిలబెట్టి పైన బరువు పెడితే 3 కేజీలు ఆగుద్దేమో, కానీ మనం షూటింగ్‌లో చెయ్యి అలా నిటారుగా పెట్టుకుని కూర్చోం. కిందకి వంచుతాం, ముందుకి చాపుతాం, నడుస్తాం. రోకలిని మధ్యలో పట్టుకుని ఎత్తడం, చివర పట్టుకుని ఎత్తడం ఒకటేనా చెప్పండి? రోకలి అదే, బరువూ అదే. నీళ్ల బిందె చంకన పెట్టుకుంటే ఇంటిదాకా తెచ్చుకుంటాం, అదే బిందెని చెయ్యి చాపి పట్టుకోమంటే పది అడుగులు వెయ్యలేం. ఈ సపోర్ట్‌లో కెమెరా బరువంతా పిడికిలికి ముందుకి ఉంటుంది, ముందు భాగం కిందకి దిగాలని చూస్తది, వెనక భాగం పైకి లేచి ముంజేతిని కిందనుంచి నొక్కుద్ది. అంటే మణికట్టు మీద పడాల్సిన భారం తీసుకెళ్లి రెండు చోట్ల పెట్టారు, ఒకటి ముంజేతి మీది మెత్త, రెండోది హ్యాండిల్‌కీ పై ప్లేటుకీ మధ్యనున్న మడత జాయింటు. సంచిలో పెట్టుకోడానికి వీలుగా మడత పెట్టేలా చేశారు కదా, ఆ ఒక్క జాయింటే మొత్తం గుంజుడంతా భరిస్తది. నడుస్తూ తీసినా కుదుపు రాకుండా ఒంటికి కట్టుకునే స్టెడీక్యామ్ కనిపెట్టిన గారెట్ బ్రౌన్ అనే ఆయన 1970ల్లోనే బరువుని చేతికి వదలకుండా కోటు లాంటిది తొడిగి, స్ప్రింగుల చెయ్యి పెట్టి, నడుముకీ భుజాలకీ ఎక్కించాడు. పెద్ద కెమెరాకి ఆ దారి పట్టడానికి కారణం ఇదే.

మొదటి పెళ్లి తణుకులో, మూడు గంటలు వాడా. నిజం చెప్పాలంటే నిలబడి తీసిన షాట్లు బానే ఉన్నాయి, పక్కకి ఒరగడం తగ్గింది, ఆ మాట దాచను. కానీ నడుస్తూ తీసినవి చూస్తే ఎప్పటిలాగే ఎగిరెగిరి పడుతున్నాయి. అడుగేసినప్పుడు వచ్చే కుదుపు మోకాళ్ల నుంచి, నడుం నుంచి వస్తది, మణికట్టు ఎంత బిగించి కట్టినా దాన్ని ఆపేది ఏముంది అందులో? మోటారూ లేదు స్ప్రింగూ లేదు. వాళ్ల వీడియోలో పరిగెడుతూ తీసినట్టు చూపించింది మాత్రం వెన్నలా ఉంది, అది ఈ వస్తువుతో వచ్చే షాట్ కాదు.

ఆ రాత్రి బెల్టు విప్పితే బొటనవేలు వైపు మణికట్టు మీద ఎర్రగా గాడి పడింది. మర్నాడు పొద్దున టీ గ్లాసు పట్టుకుంటే బొటనవేలి వెనక భాగం నాది కానట్టు ఉంది, వేడి తెలీట్లేదు. రెండ్రోజుల్లో పోతుందిలే అని వదిలేశా, పోలేదు. డాక్టరుగారు చూసి చెప్పింది ఏంటంటే అక్కడ చర్మానికి స్పర్శనిచ్చే నరం ఒకటి ఎముక మీద, చర్మం కిందే వెళ్తదట, వాచీ బెల్టు మరీ బిగుతుగా పెట్టుకున్నా కొంతమందికి ఇలాగే అవుద్దట. బరువు మోసేకొద్దీ సపోర్ట్ కదులుతుంది, కదిలేకొద్దీ మనం వెల్క్రో ఇంకొంచెం లాగి బిగిస్తాం, నరం నలుగుద్ది. తిమ్మిరి మొదలైందంటే "అలవాటు అవుతుందిలే" అనుకోకండి, దయచేసి అక్కడికక్కడే విప్పేయండి.

అప్పుడే పక్కన పడేయాల్సింది. కొన్న పందొమ్మిదో రోజు పాలకొల్లు పెళ్లి, ముహూర్తం రాత్రి 2:40కి. ఈసారి బెల్టు కొంచెం వదులుగా కట్టుకున్నా. ఇంకో తప్పు కూడా చేశా, మెడ స్ట్రాప్ తీసేశా, ఎందుకంటే అది ఫ్రేమ్‌లోకి వేలాడుద్ది తీసేయండి అని అమ్మేవాళ్ల వీడియోలోనే చెప్పారు. తాళి కట్టడం అయింది, తలంబ్రాలు మొదలయ్యాయి. పెళ్లికూతురు దోసిలి ఎత్తింది, నేను కింద నుంచి పైకి తీద్దామని చెయ్యి ముందుకి చాపి కొంచెం వంచా. టక్కుమని చిన్న శబ్దం, మేళంలో నాకు తప్ప ఎవరికీ వినపడి ఉండదు. చేతిలో హ్యాండిల్ ఉంది, పైన కెమెరా లేదు. మండపం మెట్టు అంచుకి లెన్స్ కొట్టుకుని కెమెరా బోర్లా పడింది, తలంబ్రాల పళ్లెం పట్టుకున్న పాప కాళ్ల దగ్గర. పాప బిత్తరపోయి చూస్తోంది, వాళ్లమ్మ వచ్చి ఎత్తుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు ఆవిడ, అదే ఇంకా బాధగా ఉంది. ట్రైపాడ్ మీద రెండో కెమెరా దూరం నుంచి రికార్డు చేస్తోంది కాబట్టి ఆ ఘట్టం మొత్తానికి పోలేదు గానీ పెళ్లికూతురి మొహం దగ్గర్నుంచి తీసిన షాట్ లేదు. తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా.

లెన్స్ ముందు రింగు సొట్టపోయింది, ఫోకస్ రింగు తిరక్కుండా బిగుసుకుపోయింది, బాడీ మౌంట్ ఒకవైపు ఒరిగింది, రిపేరుకి 14,500 అయింది.

విరిగిన ముక్కలు తీసుకుని మా ఊళ్లో లేత్ మిషన్ షాపుకెళ్లా. ఆయన ఆ విరిగినచోట గోరుతో గీకి, దీపం కిందకి పెట్టి చూపించాడు, "ఇది అల్యూమినియం కాదండి బాబూ, పోత సరుకు, చూడండి లోపల ఎలా గుల్లగా ఉందో" అన్నాడు. నిజంగానే బూడిద రంగులో, అట్టు మీద చిల్లుల్లా సన్న సన్న బొక్కలు, పైన మాత్రం నల్ల పెయింటు నున్నగా. జాయింటు దగ్గర మందం అయితే నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. అలాంటి పోత వంగదు, ముందుగా హెచ్చరించదు, ఒకేసారి విరుగుద్ది. అల్యూమినియం అయితే కాస్త వంగేది, నాకు తెలిసేది.

అమ్మినవాళ్లకి ఫోటోలు పెట్టా. ముందు "ఫిజికల్ డ్యామేజ్ కవర్ కాదు" అన్నారు. 7 రోజుల రీప్లేస్‌మెంట్ దాటిపోయింది అన్నారు. పై ప్లేటు స్క్రూ ఎక్కడో పడిపోయింది, కనీసం అదైనా పంపండి అంటే చాట్‌లో ఏం చెప్పారో తెలుసా, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా 6 ఎమ్ఎమ్ బోల్టు కొనుక్కోండి, అదే సరిపోద్ది అని. అన్నయ్యలూ తమ్ముళ్లూ, ఈ పని మాత్రం ఎవరూ చెయ్యకండి. కెమెరా అడుగున ఉండేది పావు అంగుళం స్క్రూ, అంటే 6.35 ఎమ్ఎమ్, అంగుళానికి 20 మరలు. 6 ఎమ్ఎమ్ బోల్టు చూడ్డానికి అలాగే ఉంటది, ఒకట్రెండు చుట్లు ఎక్కుద్ది కూడా, కానీ మర వేరు, వదులుగా ఉంటది, బలవంతంగా తిప్పితే కెమెరా మరలే పోతాయి. కెమెరా స్క్రూ అని అడిగి తెచ్చుకోండి.

డబ్బా తిప్పి చూస్తే దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు లేదు, అడ్రస్ లేదు, ఏ దేశంలో చేశారో లేదు. ఇవన్నీ ప్యాకింగ్ మీద ఉండాలని మన తూనికలు కొలతల రూల్స్‌లోనే ఉంది. నేనది డబ్బా రాగానే చూసుకుని ఉంటే మూడో రోజే తిరిగి పంపేవాణ్ణి. 2020లో వచ్చిన ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి, వస్తువు లోపంతో ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదు. కాబట్టి కాల్ సెంటర్ మాటతో ఆగిపోకండి, సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ అని ఒకరి పేరు ఉంటది, వాళ్లకి రాతపూర్వకంగా పెట్టండి. నేను 1915కి కూడా ఫోన్ చేశా, అది నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్. తేలకపోతే జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్తా, కొన్న వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వెయ్యొచ్చు. బిల్లు, డబ్బా, విరిగిన ముక్కలు, వాళ్ల పేజీ స్క్రీన్‌షాట్లు, చాట్, ఏదీ పారేయకండి. ముఖ్యంగా ఆ "ఏవియేషన్ గ్రేడ్" అన్న పేజీ స్క్రీన్‌షాట్ ముందే తీసుకోండి, నేను ఫిర్యాదు పెట్టిన నాలుగో రోజుకి ఆ మాట పేజీలో లేదు.

ఇప్పటికే కొనేసినవాళ్లుంటే ఫోన్ పెట్టుకుని వాడుకోండి, 200 గ్రాములకి అది ఏం కాదు. మార్చుకునే లెన్స్ ఉన్న కెమెరా మాత్రం దాని మీద ఎక్కించకండి. ఎక్కించి తీరాలి అంటే మెడ స్ట్రాప్ ఉంచండి, జనం మధ్యలో వద్దు, పిల్లల దగ్గర అసలు వద్దు. నేనిప్పుడు పాత పద్ధతికే వచ్చేశా, మెడ స్ట్రాప్ బిగుతుగా లాగి కెమెరాని ముందుకి తోస్తా, ఎడమ అరచెయ్యి లెన్స్ కింద, మోచేతులు రెండూ డొక్కలకి ఆనించి, మండపం స్తంభం దొరికితే భుజం దానికి ఆనిస్తా. పెద్ద షాట్లకి మోనోపాడ్ కొన్నా, ఒక్క కాలే కాబట్టి జనం మధ్యలో కూడా ఇమిడిపోద్ది, బరువు నేల మోస్తది.

నిన్న మళ్లీ వెతికితే అదే వస్తువు వేరే పేరుతో, 2,100కి, అవే ఫోటోలతో కనపడింది. హ్యాండిల్ పక్కన ఎర్ర నాబ్ ఉంటది, మడత జాయింటు మీద నల్ల ప్లాస్టిక్ మూత ఉంటది, ఆ మూత కిందే నాది విరిగింది. పేరు చూడకండి, ఆ నాబ్, ఆ మూత చూసి గుర్తుపట్టండి. మీలో ఎవరిదైనా ఇలాగే విరిగి ఉంటే ముక్కల ఫోటో కింద పెట్టండి, నా ఫిర్యాదుకి జత చేస్తా.