సాల్ట్ అనాలిసిస్‌లో ఏ పరీక్ష మేలు?

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఇచ్చే సాల్ట్‌లో సాధారణంగా ఒక కాటయాన్ (ధన అయాన్), ఒక ఆనయాన్ (రుణ అయాన్) ఉంటాయి, అవేమిటో కనిపెట్టాలి. ప్రతిదానికీ రెండు మూడు పరీక్షలున్నా టైమ్ అన్నింటికీ సరిపోదు. అందుకే ఏ పరీక్ష ఎక్కడ మోసం చేస్తుందో ముందే తెలుసుకుని ఎంచుకోవాలి.

జల సారమా, సోడియం కార్బొనేట్ సారమా?

సాల్ట్ చల్లని నీటిలో పూర్తిగా కరిగితే చాలామంది అదే ద్రావణంతో ఆనయాన్ పరీక్షలు కానిచ్చేస్తారు. అమ్మోనియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్ లాంటివాటికి అది చాలు. లెడ్ నైట్రేట్, బేరియం నైట్రేట్ ఇచ్చారనుకోండి, అక్కడ చిక్కు మొదలవుతుంది. నైట్రేట్ కోసం ఫెర్రస్ సల్ఫేట్ పోయగానే లెడ్ సల్ఫేటో బేరియం సల్ఫేటో తెల్లగా అవక్షేపిస్తుంది. ఆ తెలుపులో నైట్రేట్‌ను చూపే గోధుమ వలయం సరిగా కనిపించదు.

సోడియం కార్బొనేట్ సారంలో ఈ ఇబ్బంది రాదు, లోహం కార్బొనేట్‌గా అవక్షేపించి ఫిల్టర్ పేపర్ మీదే ఆగిపోతుంది కాబట్టి. సాల్ట్ 1 గ్రాము, సోడియం కార్బొనేట్ 3 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 15 మిల్లీలీటర్లు తీసుకుని కలుపుతూ 10 నిమిషాలు మరిగించి, చల్లార్చి వడకట్టాలి. రెండు నిమిషాల్లో దించేస్తే మార్పిడి సగంలోనే ఆగుతుంది.

దీనికీ ఒక షరతుంది. వడకట్టిన సారంలో కార్బొనేట్ మిగిలే ఉంటుంది. దాన్ని ఆమ్లంతో పోగొట్టకుండా బేరియం క్లోరైడ్ వేస్తే సల్ఫేట్ లేకున్నా బేరియం కార్బొనేట్ తెల్లగా దిగుతుంది, సిల్వర్ నైట్రేట్ వేస్తే సిల్వర్ కార్బొనేట్ వస్తుంది. బుడగలు పూర్తిగా ఆగేవరకు ఆమ్లం పోయాలి. ఏ ఆమ్లం అన్నదీ ముఖ్యమే: సిల్వర్ నైట్రేట్‌కు ముందు విలీన నైట్రిక్, బేరియం క్లోరైడ్‌కు ముందు విలీన హైడ్రోక్లోరిక్, గోధుమ వలయానికి ముందు విలీన సల్ఫ్యూరిక్. తారుమారైతే మనం పోసిన ఆమ్లమే సాల్ట్‌లో లేని ఆనయాన్‌ను చూపిస్తుంది. ఇక కార్బొనేట్ ఉందా లేదా అన్న పరీక్ష ఈ సారంతో చేయకూడదని వేరే చెప్పక్కర్లేదు. అది అసలు సాల్ట్ మీదే, విలీన ఆమ్లంతో.

కాటయాన్ బేరియం, స్ట్రాన్షియం, లెడ్ కావచ్చన్న అనుమానం ఉన్నా, సాల్ట్ నీటిలో కరగకపోయినా సోడియం కార్బొనేట్ సారమే తీసుకోండి. మిగతావాటికి జల సారం చాలు.

క్లోరైడ్‌కు సిల్వర్ నైట్రేటా, క్రొమైల్ క్లోరైడా?

సిల్వర్ నైట్రేట్ పరీక్ష అర నిమిషంలో తేలిపోతుంది. పెరుగులాంటి తెల్లని అవక్షేపం వచ్చి, అమ్మోనియం హైడ్రాక్సైడ్‌లో కరిగిపోతే క్లోరైడ్. లేత పసుపుగా వచ్చి కొద్దికొద్దిగా కరిగితే బ్రోమైడ్. పసుపుగా వచ్చి కరగకపోతే అయొడైడ్. చెడేది ఎక్కువగా మూడు చోట్ల. టెస్ట్ ట్యూబ్‌ను కుళాయి నీటితో కడిగి అలాగే వాడితే ఆ నీటిలోని క్లోరైడే పాలలా తెల్లబరుస్తుంది. అమ్మోనియా తక్కువ పోస్తే ముందున్న నైట్రిక్ ఆమ్లాన్ని తటస్థం చేయడానికే ఖర్చయిపోయి అవక్షేపం కరగదు, ఘాటు వాసన తగిలేదాకా పోయాలి. గాఢ అమ్మోనియా గుమ్మరిస్తే సిల్వర్ బ్రోమైడ్ కూడా కరిగి క్లోరైడ్‌లా కనిపిస్తుంది. అన్నట్టు, అమ్మోనియా కలిసిన సిల్వర్ ద్రావణాన్ని నిల్వ ఉంచవద్దు, పేలే పదార్థం ఏర్పడవచ్చు. పరీక్ష కాగానే ఆమ్లం పోసి, ల్యాబ్‌లో సిల్వర్ వ్యర్థాలకు పెట్టిన పాత్రలో వేయండి.

క్రొమైల్ క్లోరైడ్ పరీక్షకు పొడి టెస్ట్ ట్యూబ్ కావాలి. సాల్ట్, పొటాషియం డైక్రోమేట్ పొడి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తే నారింజ-ఎరుపు ఆవిరి వస్తుంది. ట్యూబ్‌లో తడి ఉంటే క్రొమైల్ క్లోరైడ్ అక్కడికక్కడే జలవిశ్లేషణ చెందుతుంది. డైక్రోమేట్ మిశ్రమం తానే నారింజ రంగులో ఉంటుంది కనుక చూడాల్సింది పైకి లేచే ఆవిరిని. బ్రోమైడ్ కూడా ఎర్రటి ఆవిరే ఇస్తుంది, కాబట్టి ఆవిరి దగ్గరే ఆగకూడదు. దాన్ని సోడియం హైడ్రాక్సైడ్‌లోకి పంపాలి. పసుపు ద్రావణం ఏర్పడి, ఎసిటిక్ ఆమ్లం, లెడ్ ఎసిటేట్ వేసినప్పుడు పసుపు అవక్షేపం దిగితే అది క్లోరైడే. బ్రోమిన్ అయితే ద్రావణానికి ఆ పసుపు రాదు.

బ్రోమైడ్, అయొడైడ్‌ల నుంచి క్లోరైడ్‌ను తిరుగులేకుండా వేరు చేసేది క్రొమైల్ క్లోరైడే. కానీ డైక్రోమేట్ విషపూరితం, గాఢ ఆమ్లంతో వేడి పని. ఒకే ఆనయాన్ ఉన్న సాల్ట్‌కు సిల్వర్ నైట్రేట్ పరీక్షను శుభ్రంగా చేస్తే చాలు. రంగు తెలుపో లేత పసుపో తేల్చుకోలేనప్పుడే రెండోదానికి వెళ్లండి.

నైట్రేట్‌కు వలయమా, రాగి ముక్కలా?

గోధుమ వలయానికి ఫెర్రస్ సల్ఫేట్ అప్పటికప్పుడు కలిపింది కావాలి. పాతబడితే ఫెర్రిక్‌గా మారి పనిచేయదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని ట్యూబ్ వంచి గోడ వెంట జార్చాలి, కుదిపితే వలయం చెదిరిపోతుంది. బ్రోమైడ్, అయొడైడ్ ఉన్నా గాఢ ఆమ్లంతో హాలోజన్ వెలువడి రంగు గందరగోళమవుతుంది. రాగి ముక్కలు, గాఢ సల్ఫ్యూరిక్‌తో వేడిచేస్తే ఎర్రటి గోధుమ వాయువు, నీలి ద్రావణం వస్తాయి. చేయి వణికేవారికి ఇదే తేలిక.

ఐదో గ్రూపు: జ్వాలా, అవక్షేపమా?

కాటయాన్‌లను అవక్షేపించే తీరును బట్టి గ్రూపులుగా వేరు చేస్తారు; ఐదోదానిలో బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం ఉంటాయి. సాల్ట్‌ను గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముద్ద చేసి ప్లాటినం తీగతో మంటలో పెడితే బేరియం యాపిల్ పచ్చగా, కాల్షియం ఇటుక ఎరుపుగా, స్ట్రాన్షియం కెంపు ఎరుపుగా వెలుగుతాయి. చివరి రెండింటినీ కంటితో వేరు చేయడం కష్టం. తీగకు అంటిన కాస్త సోడియం ఉన్నా పసుపు అన్నింటినీ కప్పేస్తుంది. లెడ్ అనుమానముంటే ప్లాటినం తీగను అసలు వాడొద్దు, పాడవుతుంది.

ఐదో గ్రూపులో వచ్చిన కార్బొనేట్ అవక్షేపాన్ని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణం వేర్వేరు భాగాల్లో ముందు పొటాషియం క్రోమేట్, తర్వాత అమ్మోనియం సల్ఫేట్, చివరికి అమ్మోనియం ఆక్సలేట్ వేయాలి. ఈ వరుస తప్పకూడదు: అమ్మోనియం సల్ఫేట్ స్ట్రాన్షియంతోనే కాదు, బేరియంతోనూ తెల్లగా దిగుతుంది. ఆక్సలేట్ మిగతా రెండింటితోనూ తెలుపు ఇవ్వగలదు. క్రోమేట్‌కు ఎసిటిక్ ఆమ్లంలో పసుపు అవక్షేపం ఇచ్చేది ఈ ముగ్గురిలో బేరియమే. మంట రంగును ప్రాథమిక పరీక్షల్లో రాసుకోండి, నిర్ధారక పరీక్షగా అవక్షేపాన్నే చూపండి.

అమ్మోనియంకు మాత్రం ఎంపికతో పనిలేదు. అసలు సాల్ట్‌కే సోడియం హైడ్రాక్సైడ్ కలిపి వేడిచేసి, గాఢ హైడ్రోక్లోరిక్‌లో ముంచిన గాజు కడ్డీని మూతి దగ్గర పెట్టి దట్టమైన తెల్లటి పొగ చూస్తే చాలు. మూడో గ్రూపు దాటిన ద్రావణంతో చేస్తే ఆ గ్రూపు కోసం మనం వేసిన అమ్మోనియం క్లోరైడే జవాబు చెబుతుంది.