సంక్రాంతికి సెలవు పెట్టిన ఇన్వర్టర్

మా డాబా మీది మూడు కిలోవాట్ల సోలార్‌కు తగిలించిన గ్రిడ్ ఇన్వర్టర్‌తో కొన్నేళ్లుగా కాపురం చేస్తున్నాను. ఇది బ్యాటరీ ఇన్వర్టర్ కాదు; ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చి, మిగిలింది వీధి లైనులోకి, అంటే గ్రిడ్‌లోకి, పంపే పెట్టె. ప్యానెళ్ల వాటేజీ, వారంటీ, సబ్సిడీల గురించి అందరూ రాశారు కాబట్టి వాటి జోలికి పోను. దాని లోపల ఎవరూ చూపించని ఒక సెట్టింగు ఉంది. పేరు వోల్ట్-వాట్: లైనులో వోల్టేజీ మరీ పెరిగితే ఆగిపోకుండా పవర్ తగ్గించుకునే ఏర్పాటు. అది పని మొదలుపెట్టాక ఈ యంత్రం మీద నాకున్న కోపం పోయింది. కొన్న రోజే ఎందుకు పెట్టలేదన్న కోపం మాత్రం పోలేదు.

మొదటి వానాకాలంలో దీన్ని తెగ మెచ్చుకున్నాను. మబ్బు వచ్చి పోతున్నప్పుడు కూడా ప్యానెళ్ల వోల్టేజీని కాస్త పెంచి, కాస్త తగ్గించి చూసుకుంటూ ఎక్కడ ఎక్కువ పవర్ దొరుకుతుందో అక్కడ నిలబడేది. ఎంపీపీటీ అనే ఆ పద్ధతి కొత్తదేమీ కాదు గానీ, ఇందులో చురుగ్గా పనిచేస్తుంది. ఫోనులో గ్రాఫు చూసుకోవడం నాకూ మా ఆవిడకూ పొద్దుటి కాఫీతో పాటు అలవాటైపోయింది. బంధువుల్లో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇదే కొనమని చెప్పాను.

తర్వాత సంక్రాంతి వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు తెలుసు, ఆ మూడు నాలుగు రోజులు కాలనీల్లో సగం ఇళ్లకు తాళాలే. ఆకాశం నిర్మలం, గాలి చల్లన. ప్యానెల్ వేడెక్కిన ప్రతి డిగ్రీకీ దాని ఉత్పత్తి ఇంచుమించు 0.4 శాతం దాకా తగ్గుతుంది కాబట్టి, మే నెల కంటే జనవరి మధ్యాహ్నమే దానికి సుఖం. సరిగ్గా ఆ సమయంలోనే మా ఇన్వర్టర్ టక్కుమని ఆగింది. ఎర్ర లైటు వెలిగింది. గ్రిడ్ వోల్టేజీ ఎక్కువైందని రాసింది. నిమిషం పైన ఆగి మళ్లీ కలిసింది, పవర్ పైకి ఎక్కించింది, మళ్లీ టక్కుమంది. మధ్యాహ్నమంతా ఇదే తంతు. పన్నెండు యూనిట్లు రావలసిన రోజున ఏడు కూడా రాలేదు. పండగ తర్వాత కూడా ఎండ బాగున్న ఆదివారాల్లో అంతే.

అమర్చినవాళ్లకు ఫోను చేస్తే గ్రిడ్‌లో లోపమన్నారు. కరెంటు ఆఫీసులో చెబితే ఇన్వర్టర్‌లో లోపమన్నారు. లైన్‌మన్ వచ్చి మీటరు పెట్టి చూసి, అంతా బాగానే ఉందని వెళ్లిపోయాడు. ఆయన వచ్చింది సాయంత్రం ఆరున్నరకు!

చివరికి ఒక సర్వీసు ఇంజనీరు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. ఇన్వర్టర్ దగ్గర, గేటు పక్కన మీటరు దగ్గర విడివిడిగా కొలిచాడు. మీటరు దగ్గర 249 వోల్టులు, డాబా మీద ఇన్వర్టర్ దగ్గర 254. అక్కడ గుట్టు తెలిసింది. మన వీధుల్లోని ట్రాన్స్‌ఫార్మర్ 11 కిలోవోల్టులను 433 వోల్టులకు దించుతుంది. ఒక్క ఫేజుకు లెక్కేస్తే అది 250. లైను చివరి ఇంటికి చేరేసరికి తగ్గి 230 కావాలని ఆ ఏర్పాటు. మా ఇల్లు ట్రాన్స్‌ఫార్మర్‌కు మూడిళ్ల అవతల. కాలనీలో లోడు లేకపోతే దాదాపు ఆ 250 మా ఇంటికే వస్తుంది. నీరు పల్లమెరుగు అన్నట్టు, కరెంటును వీధిలోకి తోయాలంటే ఇన్వర్టర్ అంతకంటే కాస్త ఎత్తున ఉండాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనల ప్రకారం 110 శాతం, అంటే 253 వోల్టులు దాటితే రెండు సెకన్లలోపు అది గ్రిడ్ నుంచి విడిపోవాలి. అంటే మాకు మిగిలే సందు మూడు నాలుగు వోల్టులు.

ఆ సందును మింగేసింది తీగ. డాబా నుంచి మీటరు దాకా ముప్పై మీటర్లు 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వేశారు. రానూపోనూ దాని నిరోధం 0.4 ఓములకు పైనే. 13 ఆంపియర్లు పారితే ఐదున్నర వోల్టులు అక్కడే పెరుగుతాయి. 10 చదరపు మిల్లీమీటర్ల తీగకు మార్పిస్తే అది రెండు చిల్లరకు దిగింది. సోలార్ కొనేవాళ్లు ప్యానెల్ బ్రాండు గురించి గంటలు వాదిస్తారు, తీగ లావు ఎవరూ అడగరు.

అయినా సెలవు రోజుల్లో ట్రిప్ అవడం పూర్తిగా పోలేదు. అప్పుడు ఆ ఇంజనీరు తన పాస్‌వర్డుతో లోపలి మెనూ తెరిచి వోల్ట్-వాట్ ఆన్ చేశాడు. ఇక 250 దాటగానే ఇన్వర్టర్ తనంతట తాను పవర్ తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. 253 చేరేసరికి ఐదో వంతుకు దిగుతుంది. అసలు ఆగిపోయే బదులు రెండు, రెండుంపావు కిలోవాట్ల దగ్గర స్థిరపడి నడుస్తుంది. రియాక్టివ్ పవర్‌తో, అంటే పనేమీ చేయకుండా లైనులో అటూఇటూ ఊగే పవర్‌తో, వోల్టేజీని దించే ఇంకో సెట్టింగు కూడా ఉంది గానీ, వీధి తీగల్లో నిరోధమే ఎక్కువ కాబట్టి దానివల్ల మాకు పెద్ద తేడా కనిపించలేదు.

ఆస్ట్రేలియాలో 2021 డిసెంబరు నుంచి కొత్తగా పెట్టే ఇన్వర్టర్లకు ఈ రెండూ తప్పనిసరి. జర్మనీ ఇలాంటి పాఠమే ఫ్రీక్వెన్సీతో నేర్చుకుంది. మామూలుగా 50 హెర్ట్జ్ ఉండే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50.2కు చేరితే దేశంలోని సోలార్‌లో చాలా భాగం ఒక్కసారిగా ఆగిపోయేలా అమర్చి ఉందని గ్రహించి, 2012లో నిబంధన తెచ్చి మరీ పాత ఇన్వర్టర్లను మార్పించారు. నా పెట్టెలో ఈ తెలివి మొదటి రోజు నుంచీ ఉంది, తాళం వేసి ఉంచారు, అంతే. ఆ పాస్‌వర్డు ఇప్పటికీ నాకివ్వలేదు.

మొదట్లో మెచ్చుకున్న గ్రాఫు గురించి కూడా ఒక మాట. అది అయిదు నిమిషాలకోసారి గీస్తుంది. మధ్యలో ఆగి కలిసినవి అన్నీ కనిపించవు. వోల్ట్-వాట్ వల్ల ఎన్ని యూనిట్లు వదులుకున్నామో అసలే చెప్పదు; మధ్యాహ్నం గీత నున్నగా, బల్లపరుపుగా ఉంటే మనమే ఊహించుకోవాలి. ఇప్పుడు దాన్ని రోజూ చూడటం లేదు.

మళ్లీ కొంటానా? పగలు ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మాకు వచ్చేదంతా దాదాపు వీధిలోకే పోతుంది కాబట్టి ఈ బెడద మాకు ఎక్కువ. పగలు ఏసీ, గ్రైండరు నడిచే ఇంట్లో అయితే ఇది ఇంతగా పీడించకపోవచ్చు. ఖమ్మంలో మా బావమరిది ఇదే కంపెనీది తీసుకోమంటావా అని అడుగుతున్నాడు. వాళ్లిల్లు లైను చివర, వేసవి రాత్రుల్లో ఫ్యాను కూడా నీరసంగా తిరుగుతుంది. మామూలుగా అక్కడ వోల్టేజీ తక్కువే గానీ, వీధిలో సోలార్ ఇళ్లు ఎక్కువుంటే పగలు అక్కడా పెరగొచ్చు. అందుకే ఇంకా ఏ మాటా చెప్పలేదు. ముందు తన వీధిలో ఎన్ని ఇళ్లకు సోలార్ ఉందో లెక్కపెట్టి, ఎండ బాగున్న ఒక ఆదివారం మధ్యాహ్నం మీటరు దగ్గర వోల్టేజీ కొలిపించమన్నాను.