టాప్ దించి నడిపేవాళ్లకు బోస్ చాలు: 718 బాక్‌స్టర్ సౌండ్ సిస్టమ్, కొన్నేళ్ల వాడకం తర్వాత

పోర్షే 718 బాక్‌స్టర్, పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కారు. దీని పెట్రోల్ మోడల్ తయారీ 2025లో ఆగిపోయింది; ఆర్డర్ పెట్టే రోజుల్లో సౌండ్ దగ్గర మూడు దారులుండేవి. కారుతో పాటు వచ్చే మామూలు సిస్టమ్, దాని పైన బోస్, ఆ పైన బర్మెస్టర్. నేను మధ్యది తీసుకున్నాను, కొన్నేళ్లుగా వాడుతున్నాను, అదీ ఎక్కువగా టాప్ (మడతపడే పైకప్పు) దించే. కొనబోయేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే: ఎలాగూ ఇంత పెడుతున్నాం, ఇంకాస్త వేసి బర్మెస్టర్‌కే వెళ్లిపోవచ్చు కదా అని. మీరు ఎక్కువగా టాప్ దించి నడిపే మనిషైతే అక్కర్లేదు, బోస్ దగ్గర ఆగిపోండి. మూసి నడిపేదే ఎక్కువైతే మాత్రం బర్మెస్టర్ వినకుండా ఏ కారూ ఖాయం చేయొద్దు.

అందరూ ముందు చూసేది వాట్లు. బోస్‌కి 505 వాట్లు, 10 స్పీకర్లు. బర్మెస్టర్‌కి 821 వాట్లు, 12 స్పీకర్లు. కాగితం మీద ఒకటిన్నర రెట్ల పైమాటే, కానీ చెవి లెక్క వేరు. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెట్టింపైనట్టు మనకు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ పది రెట్లు కావాలి. ఆ లెక్కన 505 నుంచి 821కి వెళ్తే వచ్చేది సుమారు 2 డెసిబెల్స్. వాల్యూమ్ కొద్దిగా పెంచితే వచ్చే తేడా అంతే ఉంటుంది. బర్మెస్టర్ గొప్పతనం ఉంది గానీ, అది వాట్లలో లేదు.

అసలు సంగతి టాప్ దించినప్పుడు మొదలవుతుంది. మూసి ఉన్న చిన్న క్యాబిన్ బేస్‌కి, అంటే పాటలోని లోతైన శబ్దాలకి, పెద్ద సాయం చేస్తుంది. 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాలు) శబ్దతరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు, అంటే కారు కన్నా పొడవు. అలాంటి తరంగం ఈ రెండు సీట్ల గదిలో అలగా ప్రయాణించదు, లోపలి గాలి మొత్తాన్నీ ఒకేసారి నొక్కి వదులుతుంది, అందుకే చిన్న వూఫర్ (బేస్ పలికించే స్పీకర్) కూడా మూసిన కారులో గుండెకు తగిలేలా మోగుతుంది. పైకప్పు తీసేస్తే ఆ ఒత్తిడి నిలవడానికి చోటు లేదు, పైకి పోతుంది. ఇది ఎవరికి వాళ్లు పరీక్షించుకోవచ్చు: బాక్‌స్టర్ టాప్ 9 సెకన్లలో తెరుచుకుంటుంది, గంటకు 50 కిలోమీటర్ల వేగం వరకు నడుస్తూనే తెరవొచ్చు, కాబట్టి పాట ఆపకుండా, వాల్యూమ్ ముట్టుకోకుండా బటన్ నొక్కి వినండి. టాప్ వెనక్కి జరుగుతున్న కొద్దీ బేస్ పలచబడటం తెలుస్తుంది. అదే స్పీకర్, అదే ఆంప్ (స్పీకర్లకు పవర్ ఇచ్చే పెట్టె).

దాని మీద గాలి హోరు. నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ అది పెద్దగా అనిపించదు, పాట హాయిగా వినిపిస్తుంది. వేగం పెరిగితే హోరు వేగంతో సమానంగా పెరగదు, చాలా దూకుడుగా పెరుగుతుంది. అందులో లోతైన, లావు శబ్దాలే ఎక్కువ, కాబట్టి మొదట మింగేసేది బేస్‌నే. నాలుగు సిలిండర్ల బాక్‌స్టర్‌లో ఇంకో తలనొప్పి ఇంజన్. అది సీట్ల వెనకే ఉంటుంది, అది తిరిగే ఒక్కో చుట్టుకు లోపల ఇంధనం రెండుసార్లు పేలుతుంది. 3000 ఆర్‌పీఎమ్ దగ్గర లెక్క వేస్తే సెకనుకు 100 సార్లు, అంటే 100 హెర్ట్జ్. 2000 దగ్గర 67. బేస్ గిటార్ తీగలు నాలుగూ దాదాపు ఈ పరిధిలోనే, 41 నుంచి 98 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. పాటలో బేస్ గిటార్ ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే ఇంజన్ కూడా కూర్చుంటుందన్నమాట. ఒకే గేర్‌లో నిలకడగా పోతున్నప్పుడు కొన్ని పాటల్లో బేస్ లైన్ ఉన్నట్టుండి మాయమైపోతుంది, గేర్ మార్చగానే తిరిగి వస్తుంది. ఇది సిస్టమ్ లోపం అనుకుని కంగారు పడేవాళ్లున్నారు, కాదు.

అందుకే టాప్ దించాక నేను వెతికేది గొంతు స్పష్టంగా ఉందా, వయొలిన్ గీత, తబలా మీద వేలి దెబ్బ విడిగా తెలుస్తున్నాయా అని. స, ష, చ లాంటి అక్షరాలు పైస్థాయి శబ్దాలతో పుడతాయి, గాలి హోరులో అవి నిలబడితే పాట అర్థమవుతుంది, అవి పోతే ఎంత గట్టిగా పెట్టినా గోలే.

ఇక్కడే బోస్‌లోని ఆడియోపైలట్ అనే సౌకర్యం తన విలువ చూపిస్తుంది. క్యాబిన్‌లో ఒక మైక్ పెట్టి బయటి రొద ఎంత ఉందో, ఎలాంటిదో ఎప్పటికప్పుడు వింటూ, దానికి తగ్గట్టు పాటను సర్దుతుంది. మామూలు కార్లలో వేగాన్ని బట్టి వాల్యూమ్ పెరిగే ఏర్పాటు కూడా ఇలాంటిదే కదా అనిపించొచ్చు, కానీ కన్వర్టిబుల్‌కి వేగం ఒక్కటే సరిపోదు. ఒకే వేగంలో టాప్ మూసి ఉంటే ఒక రొద, తీసి ఉంటే ఇంకో రొద, పక్కన లారీ వస్తే మరొకటి. మైక్‌తో వినేది వీటన్నిటికీ స్పందిస్తుంది. వాడగా వాడగా నాకు తెలిసిన లాభం ఏంటంటే, హైవే మీద పెంచిన వాల్యూమ్ అలాగే ఉండిపోయి సిగ్నల్ దగ్గర ఆగగానే చుట్టుపక్కల అందరికీ మన పాట దద్దరిల్లే పరిస్థితి బాగా తగ్గింది. టాప్ లేని కారులో అది నిజంగా ఇబ్బందికరమైన విషయం, మనం వాళ్ల ముందే కూర్చుని ఉంటాం మరి.

సెట్టింగ్స్ విషయానికొస్తే, టాప్ మూసినప్పుడు బోస్ బేస్ నా చెవికి కాస్త ఎక్కువే, రెండు మెట్లు తగ్గిస్తాను. దించినప్పుడు దాన్ని మధ్యకు తెచ్చి ట్రెబుల్ (పైస్థాయి శబ్దాలు) ఒక మెట్టు పెంచుతాను. శబ్దం చుట్టూ నుంచి వస్తున్నట్టు అనిపించే సరౌండ్ మాత్రం ఎప్పుడూ ఆపే ఉంచుతాను. రెండు సీట్ల కారులో, అదీ పైన ఆకాశం ఉన్నప్పుడు, చుట్టూ శబ్దం అనే భ్రమ నిలవదు, పైగా గొంతు పలచబడుతుంది. పక్క అద్దాలు పైకెత్తి, సీట్ల వెనక విండ్ డిఫ్లెక్టర్ (గాలిని ఆపే అడ్డు) పెట్టుకుంటే వచ్చే తేడా మాత్రం ఏ ఈక్వలైజర్‌తోనూ రాదు. ఒకవేళ మీ కారులో డిఫ్లెక్టర్ లేకపోతే సౌండ్ ఆప్షన్ కన్నా ముందు అది చూసుకోండి, నా మాట నమ్మండి.

బర్మెస్టర్ గురించి. స్నేహితుడి కారులో చాలాసార్లు విన్నాను, తీరిగ్గా, నాకు కంఠతా వచ్చిన పాటలతోనే. టాప్ మూసి ఉంటే అది మరో స్థాయి, అందులో నాకు అనుమానం లేదు. దాని ట్వీటర్లు (పైస్థాయి శబ్దాల స్పీకర్లు) రిబ్బన్ రకం, మామూలు గుండ్రటి డోమ్ కాకుండా మడతలు పెట్టిన పలచటి పొరతో గాలిని కదిలిస్తాయి, తాళాల చప్పుడూ, తీగ మీద గోటి శబ్దమూ చాలా సహజంగా వస్తాయి. బేస్ లోతుగా ఉంటుంది, కానీ ఉబ్బినట్టు ఉండదు. టాప్ దించి హైవే ఎక్కేసరికి ఆ సున్నితమైన తేడాలే ముందు గాలికి పోతాయి. గొంతు విషయంలో అప్పటికీ ఒక మెట్టు పైనే ఉందని ఒప్పుకుంటాను, కానీ ఆ మెట్టుకి అంత అదనపు ఖర్చు నేనైతే పెట్టను.

మామూలు సిస్టమ్ నెమ్మదిగా తిరిగే ఊరి ప్రయాణాలకు సరిపోతుంది. వేగం పెరిగాక వాల్యూమ్ పెంచుతూనే ఉండాలి, ఒక దశ దాటాక గొంతు గీరుకున్నట్టు అవుతుంది.

తర్వాత బయట వేయించుకోవచ్చు కదా అంటే, ఈ కార్లలో అది చిటికెలో అయ్యే పని కాదు. ఆంప్, స్పీకర్లు, వైరింగ్, కారు కంప్యూటర్‌లో కోడింగ్ అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, వారంటీ గొడవ వేరే. కారు ఎంచుకునే రోజునే తేల్చుకోవాల్సిన విషయం ఇది. అమ్మే చోట మాత్రం నిలబెట్టిన కారులో, టాప్ మూసి, బేస్ దంచే పాట ఒకటి పెట్టి వినిపిస్తారు. అలా వింటే ఖరీదైనదే గెలుస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లో టాప్ దించి, మీరు మామూలుగా వెళ్లే హైవే వేగంలో, ఒక్క గొంతూ రెండు మూడు వాయిద్యాలూ ఉన్న పాట వినిపించమని గట్టిగా అడగండి. ఫోన్‌ని బ్లూటూత్‌తో కాకుండా కేబుల్‌తో కలపండి, పాట పూర్తి క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, లేకపోతే మీరు పోల్చేది సిస్టమ్‌లను కాదు, నెట్ సిగ్నల్‌ని.

ఇంకొక్కటి, చెవుల గురించి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు పరవాలేదని అంటారు, ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. టాప్ దించి వేగంగా వెళ్తుంటే గాలి హోరు ఒక్కటే ఆ దరిదాపులకు రాగలదు, దాని మీద పాట వినిపించాలంటే ఇంకా పైకి పెట్టాలి. అందుకే దూరప్రయాణంలో హైవే భాగం అంతా నేను టాప్ మూసేసి వెళ్తాను, మలుపుల రోడ్డు వచ్చాక దించుతాను. అక్కడ వేగం ఎలాగూ తక్కువ, పాట కూడా బాగా వినిపిస్తుంది.