క్వెస్ట్ 3 కోసం మెటా సొంత స్టూడియోలు చేసిన ఆటలు: కొనేముందు చూడవలసినవి

మెటా క్వెస్ట్ 3 హెడ్‌సెట్‌ను ఆటల కోసం కొనేవారికి మొదట ఎదురయ్యేవి ఆ సంస్థ సొంత స్టూడియోల చేత చేయించిన ఆటలే. వాటి నాణ్యతకు వంక పెట్టడం కష్టం. వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు తొడుక్కున్న హెడ్‌సెట్‌లో మన చుట్టూ కనిపించే కృత్రిమ లోకం) రంగంలో ఇంత డబ్బు పోసి, ఇంత ఓపికగా తయారుచేసిన ఆటలు మరోచోట అరుదుగా దొరుకుతాయి. అయితే వాటిని చేసిన స్టూడియోలు దాదాపు అన్నీ మెటా కొనుగోలు చేసినవి, వాటిలో కొన్ని ఇప్పుడు లేవు. కాబట్టి ఆట ఎలా ఉందో చెప్పి ఊరుకుంటే సరిపోదు, డబ్బు పెట్టి కొన్న తరువాత అది ఎంతకాలం పనిచేస్తుందో కూడా చెప్పవలసి ఉంటుంది.

ముందుగా బ్యాట్‌మ్యాన్: ఆర్కమ్ షాడో. మెటా 2022లో సొంతం చేసుకున్న క్యామఫ్లాజ్ స్టూడియో దీన్ని 2024 అక్టోబరులో, క్వెస్ట్ 3, 3ఎస్ హెడ్‌సెట్‌లకు మాత్రమే విడుదల చేసింది. ఛాతీ దగ్గరకు చెయ్యి తీసుకెళ్లి బ్యాటరాంగ్ (బ్యాట్‌మ్యాన్ విసిరే గబ్బిలం ఆకారపు ఆయుధం) అందుకోవడం, చేతులు బార్లా చాచి కేప్ మీద గాలిలో జారిపోవడం కాసేపట్లోనే అలవాటైపోయి, బటన్ల సంగతి గుర్తుకు రాకుండా పోతుంది. పోట్లాటలో దూరంగా ఉన్న ప్రత్యర్థి వైపు పిడికిలి విసిరితే ఆటే మనల్ని అతని మీదికి దూకిస్తుంది. గదిలో రెండడుగుల చోటు మాత్రమే ఉన్నవాడికి కూడా బ్యాట్‌మ్యాన్‌లా పోరాడుతున్న అనుభూతి కలిగేది ఈ చిన్న ఏర్పాటు వల్లే. ముసుగు తీసేసి, మ్యాచెస్ మలోన్ అనే మారుపేరుతో బ్లాక్‌గేట్ జైలులో ఖైదీగా తిరిగే ఘట్టాలు కొందరికి నెమ్మదిగా అనిపించవచ్చు కానీ, నా దృష్టిలో ఆటకు ప్రాణం అవే.

శాంజారూ గేమ్స్ చేసిన ఆస్గార్డ్స్ రాథ్ 2 మరీ పెద్దది. అరవై గంటలకు పైగా ఆట ఉందని ప్రచారం చేశారు. ఒక క్షణం దేవతలా ఆకాశం నుంచి లోకాన్ని బొమ్మలకొలువులా చూసి, మరుక్షణం అదే లోకంలో మనిషిగా దిగి కత్తి దుయ్యడం హెడ్‌సెట్ లేకుండా ఎవరూ ఇవ్వలేని అనుభవం. మెటా ఈ స్టూడియోను 2020లో కొన్నది, ఆట 2023 డిసెంబరులో వచ్చింది, తొలిరోజుల్లో క్వెస్ట్ 3 కొన్నవారికి దాన్ని ఉచితంగా ఇచ్చారు. తరువాత క్వెస్ట్ 3ఎస్‌తో పాటు బ్యాట్‌మ్యాన్‌నూ అలాగే ఇచ్చారు. కొనుగోలుదారుకు ఇది లాభమే. కానీ హెడ్‌సెట్‌ను అమ్మిపెట్టడానికి చేసిన ఆట తన అమ్మకాలతో తన స్టూడియోను పోషించలేదు. ఆ స్టూడియో బతుకు హెడ్‌సెట్ విభాగం పద్దు మీదే ఆధారపడుతుంది, ఆ పద్దేమో 2024 ఒక్క ఏడాదిలోనే సుమారు 1,770 కోట్ల డాలర్ల నిర్వహణ నష్టం చూపింది.

దాని ఫలితం 2026 జనవరిలో బయటపడింది. మెటా తన రియాలిటీ ల్యాబ్స్‌లో, అంటే ఆ హెడ్‌సెట్ విభాగంలో, సుమారు పదో వంతు ఉద్యోగాలు తీసేస్తూ శాంజారూను, ఆర్మేచర్‌ను, ట్విస్టెడ్ పిక్సెల్‌ను మూసివేసింది. వీటిలో ట్విస్టెడ్ పిక్సెల్ డెడ్‌పూల్ వీఆర్ ఆటను విడుదల చేసి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. ఆట బాగా ఆడకపోవడం వల్ల స్టూడియో పోయిందని అనడానికి అంత తక్కువ వ్యవధిలో లెక్కలు తేలనే తేలవు.

ఇక్కడ కొనేవారు గమనించవలసిన తేడా ఒకటుంది. పైన చెప్పినవన్నీ ఒంటరిగా ఆడుకునే ఆటలు. స్టూడియో మూతపడినా, డౌన్‌లోడ్ చేసుకున్న ఆట నడుస్తూనే ఉంటుంది, కొత్త అధ్యాయాలు మాత్రం రావు. ఆన్‌లైన్ ఆటల సంగతి అలా కాదు, అందుకు ఎకో వీఆర్ కన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. రెడీ ఎట్ డాన్ స్టూడియో చేసిన ఈ ఆటలో గురుత్వాకర్షణ లేని మైదానంలో గోడనో, స్తంభాన్నో, ఎదుటి ఆటగాడినో చేత్తో పట్టుకుని తోసుకుంటూ తేలిపోవాలి, డిస్కును గోల్‌లోకి విసరాలి. కాళ్లతో పనే లేని ఆ కదలిక వీఆర్ కోసమే పుట్టింది. మెటా 2020లో స్టూడియోను కొని, 2023 ఆగస్టు 1న ఆట సర్వర్లను ఆపివేసింది, మరుసటి ఏడాది స్టూడియోనే మూసివేసింది. ఆడేవాళ్లు వేలల్లో మాత్రమే మిగిలినా ఆటను ఉంచి ఉండాల్సిందని, మెటా వీఆర్ పనికి ఒకప్పుడు సాంకేతిక సారథిగా ఉండి అప్పటికే సంస్థను వీడిన జాన్ కార్మాక్ బహిరంగంగా చెప్పారు. పదిమంది ఇంజనీర్ల జీతం పెద్ద సంస్థకు లెక్కలోకి రాదు కానీ, ఆ పదిమందిని ఇంకో పనికి మళ్లించాలన్న తొందర వస్తే చిన్న ఆటకే ముందు ఉద్వాసన పలుకుతారు.

చందా కట్టి వాడుకునే వ్యాయామ యాప్ సూపర్‌నేచురల్ కథ మరీ విచిత్రం. దాన్ని తయారుచేసిన విథిన్ సంస్థను మెటా కొంటే పోటీ దెబ్బతింటుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022లో కోర్టుకెక్కింది. న్యాయస్థానం ఒప్పుకోకపోవడంతో 2023 ఫిబ్రవరిలో కొనుగోలు పూర్తయింది. అంత పోరాడి తెచ్చుకున్న యాప్‌కు 2026 జనవరి కోతల్లోనే కొత్త పాఠాలు నిలిపివేశారు. రోజూ కొత్త పాఠం, కొత్త పాట ఉంటాయన్న ఆశతోనే జనం కట్టే చందా అది. పాత పాఠాలు మిగిలి ఉన్నాయన్న కారణంగా దాన్ని ఇప్పుడు కొత్తగా తీసుకోమని సిఫారసు చేయలేను.

అన్ని కొనుగోళ్లూ ఇలాగే ముగియలేదు. 2019లో మెటా చేతికి వచ్చిన బీట్ గేమ్స్ వారి బీట్ సేబర్‌కు (పాట లయకు తగ్గట్టు ఎదురొచ్చే దిమ్మెలను వెలుగు కత్తులతో నరికే ఆట) పాటల ప్యాక్‌లు వస్తూనే వచ్చాయి. 2021 నాటికి క్వెస్ట్ మీదే అది 10 కోట్ల డాలర్ల ఆదాయం దాటింది, తన ఖర్చు తానే సంపాదించుకునే ఆట జోలికి ఎవరూ త్వరగా పోరు. అయినా 2025లో ప్లేస్టేషన్‌లో దాని అప్‌డేట్‌లు ఆగిపోయాయి. పోటీ హెడ్‌సెట్‌లో ఆడుకునేవారికి యజమాని మారిన తేడా అప్పుడు తెలిసివచ్చింది. గూగుల్ 2017లో కొన్న అవుల్‌కెమీ ల్యాబ్స్ మాత్రం దీనికి భిన్నం. గూగుల్ తన డేడ్రీమ్ వీఆర్‌ను వదిలేసిన తరువాత కూడా, ఇతరుల హెడ్‌సెట్‌ల కోసం ఆటలు చేసుకుంటూ 2022లో కాస్మోనియస్ హై తెచ్చింది. యజమాని యంత్రానికి కట్టుబడకపోవడమే దాన్ని కాపాడిందని నా అభిప్రాయం.

క్వెస్ట్ 3 చేతిలో ఉన్నవారు బ్యాట్‌మ్యాన్, ఆస్గార్డ్స్ రాథ్ 2 నిశ్చింతగా తీసుకోవచ్చు. తగ్గింపు ధరలో దొరికితే డెడ్‌పూల్ కూడా. బీట్ సేబర్‌కు మూల ఆట కొని, పాటల ప్యాక్‌లు ఒక్కొక్కటే చూసుకుని కొనడం మేలు. మెటా స్టూడియోదే అయిన, ఆన్‌లైన్‌లో పలువురు కలిసి ఆడే తుపాకుల ఆట పాప్యులేషన్: వన్ 2023 నుంచి ఉచితం కనుక ఆడి చూడటంలో నష్టం లేదు, అందులోని దుస్తులకూ అలంకారాలకూ మాత్రం డబ్బు పెట్టవద్దు, సర్వర్ ఆగిన రోజున వాటిని తొడుక్కునే చోటు ఉండదు.