సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ సెడాన్ కొనేముందు చల్లటి ఇంజిన్ చూడండి

ఏళ్ల తరబడి నేను నడుపుతున్నది రెండు లీటర్ల టర్బో పెట్రోల్ సెడాన్. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, పవర్ వెనక చక్రాలకు వెళుతుంది. సెకండ్ హ్యాండ్‌లోనే కొన్నాను. మీటరు లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటింది. రోజూ ఆఫీసుకూ అదే, ఇంటిల్లిపాదితో దూర ప్రయాణాలకూ అదే. నలుగురు హాయిగా కూర్చోవచ్చు, డిక్కీలో సామాను పడుతుంది. ఖాళీగా ఉన్న కొండదారి దొరికితే మాత్రం ఆ కారే వేరే బండి అయిపోతుంది. మలుపులో ముందు టైర్లకు ఎంత పట్టు దొరికిందో స్టీరింగ్‌లోనే తెలుస్తుంది. ఈ రకం కార్ల మీద నా ఇష్టం ఇన్నేళ్లలో పెరిగిందే గానీ తగ్గలేదు.

ఇలాంటిది కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది "ఎంత తిరిగిన బండి కొనొచ్చు?" అని. నా అనుభవంలో వీటికి దూరం కంటే వేడి పెద్ద శత్రువు. చిన్న బానెట్ కింద టర్బో, దాని పక్కనే ఎర్రగా కాలే ఎగ్జాస్ట్, వాటి చుట్టూ అతుకుల దగ్గర కారకుండా ఆపే రబ్బరు గాస్కెట్లు, ప్లాస్టిక్ పైపులు. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడుతుంది, ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. ఆయిల్ టైముకు మార్చకపోతే ఆ వేడికి అది జిడ్డుగా, నల్లగా మారి సన్నటి దారుల్లో పేరుకుంటుంది. హైవే మీద లక్షన్నర కిలోమీటర్లు తిరిగి, ఆయిల్ సరిగ్గా మార్పించుకున్న కారు గట్టిగా ఉండొచ్చు. రోజూ చిన్న చిన్న దూరాలే నడిచి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోతూ నలభై వేలు తిరిగిన కారు లోపల పాడై ఉండొచ్చు. అందుకే నేను ఓడోమీటర్‌ని చివర్లో చూస్తాను.

మొదట చూసేది చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరు. నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవారికి ముందే చెబుతాను. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాను. వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని మర్యాదగా చెప్పి వచ్చేస్తాను. చాలా జబ్బులు ఇంజిన్ వేడెక్కగానే దాక్కుంటాయి.

స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో చెవి ఇంజిన్ దగ్గరే ఉండాలి. వాల్వులు సమయానికి తెరిచి మూసుకునేలా నడిపే గొలుసు టైమింగ్ చైన్, దాన్ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ ఆయిల్ ప్రెషర్ మీద పనిచేస్తుంది. ప్రెషర్ వచ్చేలోగా ఒక్క క్షణం చిన్న గరగర వినపడితే అది వేరు, రెండు మూడు సెకన్ల పాటు గొలుసు డబ్బాకు కొట్టుకుంటున్నట్టు వినిపిస్తే వేరు. రెండోది వింటే నేను ఆ కారు గురించి ఇంక ఆలోచించను. బీఎండబ్ల్యూ ఎన్20 పెట్రోల్ ఇంజిన్లలో తొలి ఏళ్ల వాటికి చైన్‌ను దారిలో ఉంచే ప్లాస్టిక్ గైడ్‌లు విరిగే సమస్య ఉందని ఆ కార్లు నడిపేవాళ్లకు బాగా తెలుసు. బీఎండబ్ల్యూదే ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో చైన్ ఇంజిన్‌కు వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. దాన్ని మార్చాలంటే సాధారణంగా ఇంజినే దించాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ ఈఏ888 పెట్రోల్ ఇంజిన్ తొలి తరాల్లో టెన్షనరే బలహీనం. చైన్ జారితే వాల్వులు పిస్టన్‌లకు తగులుతాయి, ఇంజిన్ పోయినట్టే.

తర్వాత పొగ. చల్లటి ఉదయం పల్చటి తెల్లటి ఆవిరి వచ్చి కాసేపట్లో ఆగిపోతే కంగారుపడక్కర్లేదు. వేడెక్కాక కూడా తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపల కాలుతోందని అర్థం. నీలంగా వస్తే ఆయిల్. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐదు నిమిషాలు ఐడ్లింగ్‌లో వదిలి, ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కి, వెనక ఎవరినైనా నిలబెట్టి చూడమనండి. ఒక్క నీలం పొగ గుప్పుమంటే వాల్వ్ సీల్స్ గానీ, టర్బో సీల్స్ గానీ, ఇంజిన్ ఊపిరి తీసుకునే పీసీవీ వాల్వ్ గానీ పాడైంది. మూడింటి ఖర్చు మధ్య చాలా తేడా ఉంది కాబట్టి ఏది అన్నది మెకానిక్ తేల్చేదాకా ధర మాట్లాడను.

ఐడ్లింగ్‌లో సన్నగా వణుకుతున్న కారు కూడా కనిపిస్తుంది. ఈ ఇంజిన్లలో ఎక్కువ భాగం పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతాయి. వాల్వుల వెనకభాగాన్ని పెట్రోల్ కడగదు కాబట్టి అక్కడ మసి గడ్డకడుతుంది. ఆడి బీ7 ఆర్ఎస్4లోని 4.2 లీటర్ల వీ8కి ఇది బాగా పేరుపడిన సమస్య. ఇన్‌టేక్ విప్పి, అక్రోట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు. నా కారుకూ చేయించాను. చేయించిన మర్నాడే ఐడ్లింగ్ నునుపైంది, కింది గేర్లలో పికప్ మళ్లీ కొత్తబండిలా వచ్చింది. మసి ఒక్కటే లోపమైతే కారు వదులుకోవద్దు, ఆ పనికయ్యే డబ్బు ధరలో తగ్గించమనండి చాలు.

ఆయిల్ లీకేజీ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ కార్లలో మామూలుగా కనిపించేది, అమ్మేవాళ్లు తేలిగ్గా కొట్టిపారేసేది ఇదే. నేను కారు కొన్నప్పుడు వాల్వ్ కవర్ వెనక అంచున, టార్చ్ వేస్తే తప్ప కనపడని చోట, దుమ్ము ఆయిల్‌లో నాని నల్లటి గీతలా పట్టి ఉంది. మెకానిక్ గుడ్డతో అక్కడ తుడిచి, బండిని అరగంట నడిపించి తెచ్చి మళ్లీ టార్చ్ వేశాడు. గీత ఉన్నచోటే తాజా ఆయిల్ తళుక్కుమంది. ఆ ఒక్క పరీక్షతో కవరు, గాస్కెట్ మార్పించే ఖర్చు ధరలోంచి తీసేయించుకున్నాను. అక్కడి నుంచి కారే ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీలోంచి మాడిన వాసన వస్తే కారణం చాలాసార్లు ఇదే.

రెండో చోటు ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్. ఇది చిన్న రబ్బరు ముక్క. కానీ కొన్ని ఇంజిన్లలో, ముఖ్యంగా బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఎన్52, ఎన్54, ఎన్55లలో, అక్కడ కారిన ఆయిల్ సరాసరి డ్రైవ్ బెల్టు మీద పడుతుంది. నానిన బెల్టు జారి, చిరిగి, దాని పీలికలు క్రాంక్ సీల్‌లోంచి ఇంజిన్ లోపలికి వెళ్లిన సందర్భాలున్నాయి. చిన్న గాస్కెట్ దగ్గర బద్ధకించినందుకు ఇంజిన్ కిందికి దించాల్సి వస్తుంది. కాబట్టి బెల్టు పక్కల తడి కనిపిస్తే అక్కడే ఆగండి.

ఇంజిన్ మీద దుమ్ము లేకుండా, ప్లాస్టిక్ అంతా నిగనిగలాడుతూ ఉంటే నాకు నమ్మకం కలగదు. అమ్మే ముందు కడిగి మసిపూసి మారేడుకాయ చేసి ఉంటారు. అలాంటప్పుడు కూడా అరగంట నడిపి మళ్లీ చూడటమే మందు.

కూలింగ్ వ్యవస్థలో ప్లాస్టిక్ భాగాలు చాలా ఉంటాయి. కూలెంట్ ట్యాంకు అతుకు దగ్గర, గొట్టాల మూతుల దగ్గర తెల్లటి లేదా రంగు ఉప్పులా పేరుకుని ఉంటే అక్కడ కారుతోందని గుర్తు. నా కారులో ఎలక్ట్రిక్ వాటర్ పంపు ముందస్తు సూచన లేకుండా ఆగిపోయింది, టెంపరేచర్ హెచ్చరిక వెలిగిన వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను కాబట్టి నష్టం ఇంజిన్ పైభాగమైన సిలిండర్ హెడ్ దాకా రాలేదు. పంపు, థర్మోస్టాట్ మార్చిన బిల్లు ఉందా అని అడగండి. లక్ష కిలోమీటర్లు దాటి అసలు పంపే ఉంటే, దాన్ని మార్చే ఖర్చు కూడా కలుపుకుని బేరం ఆడండి.

గేర్‌బాక్స్ విషయంలో "ఆయిల్ జీవితకాలం సరిపోతుంది" అనే మాటను నేను నమ్మను. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ 8హెచ్‌పీని తయారుచేసే జెడ్ఎఫ్ సంస్థే వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు గానీ, ఎనిమిదేళ్లకు గానీ ఆయిల్ మార్చమని సూచిస్తుంది. నేను మార్పించినప్పుడు బయటికొచ్చిన ఆయిల్ కాఫీ రంగులో ఉంది. మార్చాక రెండో గేరు నుంచి ఒకటికి దిగేటప్పుడు వచ్చే చిన్న కుదుపు పోయింది. టెస్ట్ డ్రైవ్‌లో వేగంగా తోలడం కంటే ట్రాఫిక్‌లో పాకించడం ముఖ్యం. డ్రైవ్ నుంచి రివర్స్‌కు మార్చినప్పుడు ఆలస్యమవుతోందా, నెమ్మదిగా ఆగేటప్పుడు వెనక నుంచి తోసినట్టు ఉందా, ఎత్తులో రివర్స్ చేసినప్పుడు వణుకుతోందా చూడండి. డీఎస్‌జీ అంటే ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. అందులో ఏడు గేర్ల డ్రై క్లచ్ రకం డీక్యూ200లోని లోపం ఇలా నెమ్మదిగా పాకించినప్పుడే బయటపడుతుంది. వాళ్లదే ఆరు గేర్ల డీక్యూ250లో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. దానికి ప్రతి 60,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చిన బిల్లు లేకపోతే నేను కొనను. మాన్యువల్ అయితే క్లచ్ నొక్కినప్పుడు, వదిలినప్పుడు కింద శబ్దం మారుతోందా వినండి. ఇంజిన్ కుదుపులను తగ్గించే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అరిగిందంటే క్లచ్‌తో కలిపే మార్చాలి.

టైర్లు కారు గురించే కాదు, నడిపిన మనిషి గురించి కూడా చెబుతాయి. పక్కగోడ మీద డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. నాలుగు టైర్లు నాలుగు కంపెనీలవైతే, బిల్లు కనిపించని చోట్ల ఆ యజమాని ఎలా సరిపెట్టుకున్నాడో ఊహించొచ్చు. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న కార్లలో టైర్ల అరుగుదల మధ్య పెద్ద తేడా ఉంటే ముందు, వెనక చక్రాలకు పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీదా భారం పడుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి టైరు లోపలి అంచు చూడండి. బయట నిండుగా ఉండి లోపల నున్నగా అరిగితే అలైన్‌మెంట్ తప్పిందనో, సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు పోయాయనో, సస్పెన్షన్ కిందికి దించారనో అనుకోవాలి. వంద కిలోమీటర్ల వేగంలో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకడానికి డిస్కులు కారణమని చెబుతారు, నా కారులో మాత్రం ముందు కంట్రోల్ ఆర్మ్ బుష్‌లే. ఎలక్ట్రానిక్ డాంపర్లు, అంటే షాక్ అబ్జార్బర్లు, ఉన్నాయంటే ఒక్కొక్కదాని మీద ఆయిల్ తడి ఉందేమో చూడకుండా డబ్బు ఇవ్వకండి.

పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చిన, అంటే రీమ్యాప్ చేసిన కారంటే చాలామంది భయపడతారు. నాకైతే చేయించినట్టు ఒప్పుకుని, బిల్లులు చూపించే యజమాని మీద గౌరవం. అమ్మకానికి ముందు అన్నీ విప్పేసి "కంపెనీ కండిషన్" అనే కారు మీదే టెన్షన్. ఎయిర్ బాక్స్ కొత్తగా మెరుస్తూ దాని స్క్రూల మీద గీతలుంటే, ఎగ్జాస్ట్ బోల్టులు మాత్రమే తళతళలాడుతుంటే అడగండి. నీళ్లు నమిలితే అర్థమైపోతుంది. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ చవగ్గా దొరుకుతుంది, వెంట తీసుకెళ్లండి. చెక్ ఇంజిన్ లైట్ వెలగకపోవడం చాలదు, ఫాల్ట్ కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో స్కానర్ చూపిస్తుంది. అది పదిలోపు ఉండి, కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే రెడీనెస్ పరీక్షలు పూర్తికాలేదని చూపిస్తే ఆ ఉదయమే ఏదో చెరిపారు.

పెద్ద వీ8 కార్ల వైపు మనసు లాగితే ఇంకో మెట్టు జాగ్రత్త కావాలి. బీఎండబ్ల్యూ ఈ90 ఎం3లోని నాలుగు లీటర్ల ఎస్65 ఇంజిన్‌కు కనెక్టింగ్ రాడ్ బేరింగులు, మెర్సిడెస్ డబ్ల్యూ204 సీ63లోని తొలి ఎం156 ఇంజిన్లకు హెడ్ బోల్టులు తెలిసిన సమస్యలు. ఇవి మార్చినట్టు బిల్లు ఉంటే ఎక్కువ ధర అడిగినా నాకు అభ్యంతరం లేదు.

ప్రమాదం సంగతి పెయింట్ మందం కొలిచే మీటరు తేలుస్తుంది. సన్‌రూఫ్ ఉంటే కార్పెట్ కింద, స్పేర్ వీల్ గుంతలో చెయ్యి పెట్టి తడి చూడండి, డ్రెయిన్ పైపులు మూసుకుపోతే నీళ్లు ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ల దాకా వెళతాయి. పదిహేడు అక్షరాల వీఐఎన్‌తో, అంటే కారు గుర్తింపు సంఖ్యతో, లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచిన రీకాల్స్ కూడా కంపెనీ సైట్‌లో చూసుకోండి. టకాటా కంపెనీ తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల్లో గ్యాస్ పుట్టించే అమోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకు పాడై పేలుడు ప్రమాదం తెచ్చింది. ఆ మరమ్మతు కంపెనీ ఉచితంగానే చేస్తుంది. కాబట్టి చేయించని కారును కొన్నా, ఆ పని అయ్యేదాకా రోడ్డెక్కించకండి.

కారు చవకైనా విడిభాగాల ధర కొత్త కారుదే. అందుకని కొనే డబ్బుతో పాటు మొదటి ఏడాది కోసం కొంత విడిగా ఉంచుకోవాలి. నేను తెచ్చిన వారంలోనే ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, బ్రేక్ ఫ్లూయిడ్, కూలెంట్ అన్నీ మార్పించి, స్పార్క్ ప్లగ్‌లు కొత్తవి వేయించాను. అప్పటి నుంచి కంపెనీ చెప్పిన గడువులో సగానికే ఇంజిన్ ఆయిల్ మారుస్తున్నాను. ఈసారి సర్వీసులో ముందు బుష్‌లు మళ్లీ మార్చాలి, వెనక డిస్కులు కూడా కనీస మందానికి దగ్గరపడ్డాయి.